కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు అవసరాల కాగితం ఎలా రాసుకోవాలి? పలాస జీడిపప్పు యూనిట్ అనుభవంతో

పలాస-కాశీబుగ్గలో ఒక జీడిపప్పు యూనిట్‌లో నేను లెక్కలు చూసేవాణ్ణి. హాజరు, తూకాలు, సరుకు, బిల్లులు అన్నీ ఒకే చోట ఉండేలా కొత్త సిస్టమ్ పెట్టిద్దామని ఓనర్ గారు అనుకున్నారు. ఆఫీసు గదిలో ముగ్గురం కూర్చుని రెండు పేజీల కాగితం రాశాం. అందులో ఒక లైను: "హాజరు వేలిముద్రతో పడాలి." మిషన్ వచ్చింది, గోడకి బిగించారు. మొదటి శనివారం, కూలీ బట్వాడా రోజున చూస్తే, పిక్కలు కోసే ఆడవాళ్ళలో సగం మందికి వారం మొత్తం మీద రెండు రోజుల హాజరు కూడా లేదు.

"ఏలు పెడితే పడట్లేదు బావూ. వారమంతా వచ్చాను, రాలేదంటోంది మిషన్," అని ఒకామె చెయ్యి చాపి చూపించింది. బొటనవేలు, చూపుడువేలు నల్లబడి, చర్మం నున్నగా అరిగిపోయి ఉంది. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన వేళ్ళ మీద గీతలు మిగలవు. ఈ సంగతి పలాసలో అందరికీ తెలుసు, మాకూ తెలుసు. కానీ కాగితం రాసేటప్పుడు ఆ చేతులు మా కళ్ళ ముందు లేవు.

మిషన్ అమ్మినవాళ్ళని అనడానికి ఏమీ లేదు. మేం అడిగిందే ఇచ్చారు. తప్పు మా కాగితంలో ఉంది. ఆ తర్వాత ఒక రైసుమిల్లుకి, విజయనగరంలో ఒక బట్టల కొట్టుకి ఇలాంటి కాగితాలే రాసిపెట్టాను. అప్పుడు నేర్చుకున్న పద్ధతి ఇక్కడ పూర్తిగా చెబుతాను. మీది జీడి యూనిట్ కానక్కర్లేదు. స్కూలైనా, నర్సింగ్ హోమ్ అయినా, సొసైటీ అయినా ఇదే దారి.

ముందు ఒక తేడా స్పష్టంగా పట్టుకోండి. "బిల్లు వేయాలి" అనేది సిస్టమ్ చేయాల్సిన పని. "దసరా ముందు వారంలో, నలుగురు ఒకేసారి కూర్చున్నా, నెట్ లేకపోయినా, బిల్లు ఆగకుండా పడాలి" అనేది ఆ పని నడవాల్సిన తీరు. మొదటి రకం అవసరాలు అందరూ రాస్తారు, ఎందుకంటే అవి అమ్మేవాళ్ళ కరపత్రంలోనే ఉంటాయి. రెండో రకం మీ యూనిట్‌లో తప్ప ఎక్కడా దొరకవు. అందుకే వాటిని మీరే రాసుకోవాలి. ఇంగ్లీషులో వీటిని ఆపరేషనల్ రిక్వైర్‌మెంట్స్ అంటారు.

మొదటి పని: ఒక బస్తా వెంట నడవండి

కుర్చీలో కూర్చుని మొదలుపెట్టకండి. ఒక నోటుబుక్కు, పెన్ను తీసుకుని, గేటు దగ్గర దిగిన ఒక బస్తా వెంట చివరిదాకా నడవండి. మీది ఆస్పత్రి అయితే ఒక రోగి వెంట, కొట్టయితే ఒక బేలు వెంట.

మా దగ్గర ఆ నడక ఇలా ఉంటుంది. లారీ వస్తుంది, కాటా మీద పిక్కల బస్తాలు తూస్తారు. మన వైపు పిక్కల ధర 80 కిలోల బస్తా లెక్కన మాట్లాడుకుంటారు. మాకు చూపించిన సాఫ్ట్‌వేర్‌లో బస్తా అంటే 50 కిలోలని ముందే రాసిపెట్టి ఉంది, మార్చే వీల్లేదు. తర్వాత ఉడకబెట్టడం, ఆరబెట్టడం, కోయడం, పప్పుని డ్రయ్యర్‌లో పెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, చివరికి 10 కిలోల టిన్నులు. గేటు దగ్గర బస్తాల్లో మొదలైన లెక్క మధ్యలో కిలోల్లోకి, ఆడవాళ్ళ దగ్గర గ్రాముల్లోకి, చివర్లో టిన్నుల్లోకి మారుతుంది. పిక్క బరువులో పప్పు చేతికొచ్చేది నాలుగో వంతుకి అటూ ఇటూ. అది గుండ్లుగా, బద్దలుగా, ముక్కలుగా విడిపోతుంది. గుండ్లలో మళ్ళీ, ఒక పౌనుకి ఎన్ని తూగుతాయనే దాన్ని బట్టి, 180, 210, 240, 320 అని నంబర్లు. ఒక కొలత ఇంకో కొలతగా మారే ప్రతిచోటా తేడా వస్తుంది, తగాదా కూడా అక్కడే వస్తుంది. ఆ చోట్లన్నీ మీ నోటుబుక్కులో ఎక్కాలి.

నడుస్తూ ప్రతి దగ్గరా ఇవి రాసుకోండి: ఇక్కడ ఎవరు రాస్తున్నారు, దేని మీద రాస్తున్నారు, రోజుకి ఎన్నిసార్లు, చేతులు ఎలా ఉన్నాయి, వెలుగు ఎంత, నీళ్ళు, ఆవిరి, దుమ్ము ఉన్నాయా, ప్లగ్ పాయింట్ ఉందా, ఫోను సిగ్నల్ ఎంత. ఉడకబెట్టే షెడ్డులో ఆవిరికి నా కళ్ళద్దాలే మసకబారాయి. అక్కడ మామూలు కంప్యూటర్ పెట్టే ఆలోచన ఆ నిమిషంలోనే మానుకున్నాం. గేటు దగ్గర మధ్యాహ్నం ఎండలో ఫోను స్క్రీన్ మీద అంకె కనబడలేదు. ఇవి చిన్న సంగతుల్లా ఉంటాయి గానీ, సిస్టమ్ పడుకునేది ఇలాంటి చోట్లే.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ప్రతిచోటా ఒక బయటికి చెప్పని పుస్తకం ఉంటుంది. మా యూనిట్‌లో రిజిస్టర్లు ఎన్ని అని అడిగితే తొమ్మిది అన్నారు. రోజంతా తిరిగాక పదోది దొరికింది. మేస్త్రీ చొక్కా జేబులో చిన్న డైరీ. ఎవరు ఎప్పుడు అడ్వాన్సు తీసుకున్నారు, ఎవరి పిల్లకి జ్వరమని మధ్యాహ్నమే వెళ్ళారు, ఎవరి తూకం మీద గొడవైంది, అన్నీ అందులో ఉన్నాయి. బట్వాడా నిజంగా నడిచేది ఆ డైరీ మీదే. "ఇది మీ సిస్టమ్‌లోకి రాకపోతే శనివారం నేను మళ్ళీ దీన్నే తియ్యాలి కదండీ," అన్నాడాయన. నిజమే. మీ దగ్గర కూడా ఆ డైరీ ఎవరో ఒకరి జేబులో ఉంటుంది. అది దొరికేదాకా నడక ఆపకండి. దొరికాక ఆ మనిషిని తప్పుపట్టకండి, రేపటి నుంచి ఎవరూ మీకు నిజం చెప్పరు.

రెండో పని: వాడేవాళ్ళని మనుషులుగా రాయండి

"యూజర్లు: 10" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఒక్కొక్కరికీ మూడు నాలుగు లైన్లు రాయండి. గేటు గుమస్తా తెలుగు చదువుతాడు, ఇంగ్లీషు మెనూ చూస్తే ఆగిపోతాడు. ఒక చేత్తో చీటీ పట్టుకుని రెండో చేత్తో నొక్కుతాడు, కాబట్టి బటన్లు పెద్దవిగా ఉండాలి. అకౌంటెంట్ రోజంతా కీబోర్డు మీదే ఉంటాడు, మౌస్ ముట్టుకోకుండా పని జరగాలంటాడు. ఓనర్ గారు నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండరు, ఫోనులో రాత్రి ఒక్క పేజీ చూస్తే చాలు. ఆడిటర్ శ్రీకాకుళం నుంచి నెలకోసారి వస్తారు. ఆయన అన్నీ చూడాలి, ఏదీ మార్చకూడదు.

ఎవరు చూడొచ్చు, ఎవరు రాయొచ్చు, ఎవరు దిద్దొచ్చు అనే మూడూ వేరువేరు అనుమతులు. దిద్దుబాటు విషయంలో గట్టిగా ఉండండి. పాత అంకె చెరిగిపోకూడదు. ఎవరు, ఎప్పుడు, దేన్ని దేనిగా మార్చారో కనబడాలి.

సిస్టమ్‌ని తమ చేత్తో ముట్టుకోనివాళ్ళు కూడా ఈ జాబితాలో ఉండాలి. పొట్టు తీసే ఆడవాళ్ళకి కిలో లెక్కన కూలీ. వాళ్ళు కంప్యూటర్ దగ్గరికి రారు. కానీ తూకం వేసిన అంకె మీదే వాళ్ళ వారం గడుస్తుంది. పాత పద్ధతిలో మేస్త్రీ అంకె పైకి చదివి చిట్టాలో రాసేవాడు, ఆమె వినేది, తేడా ఉంటే అక్కడే అడిగేది. కంప్యూటర్ వచ్చాక అంకె నేరుగా తెర లోపలికి పోతే, ఆమెకి అడిగే అవకాశమే పోతుంది. అందుకని మేం ఒక లైను రాశాం: "తూకం అంకె ఎదుటివైపు కూడా కనబడేలా పెద్ద డిస్‌ప్లే ఉండాలి. నమోదు కాగానే పేరు, అంకె ఉన్న చిన్న చీటీ రావాలి." ఆ లైను తీసేస్తే కొంత ఖర్చు తగ్గుతుందన్నారు. తీయలేదు. మీరూ తీయకండి. ఎవరి కూలీ లెక్క కడుతున్నామో వాళ్ళకి ఆ లెక్క కనబడటం తప్పనిసరి అవసరాల్లో మొదటిది అని నా నమ్మకం.

మూడో పని: ఏడాది క్యాలెండర్ గీయండి

రోజువారీ సగటు చూసి సిస్టమ్ కొంటే రద్దీ రోజున కూలబడుతుంది. పన్నెండు నెలలు గీసి, ఏ నెలలో ఏం ఎక్కువో నింపండి. మాకు ఎండాకాలంలో పిక్కల రాక, దసరా-దీపావళికి అమ్మకాలు. ప్రతి నెలా 11కి, 20కి జీఎస్టీ రిటర్నులు. రైసుమిల్లుకి ఖరీఫ్ ధాన్యం వచ్చే నెలలు. స్కూలుకి జూన్.

తర్వాత పోయినేడాది బిల్లు పుస్తకాలు తీసి, అన్నిటికంటే ఎక్కువ బిల్లులు పడిన రోజు వెతకండి. ఆ రోజులో కూడా ఎక్కువ పడిన గంట. ఆ గంట అంకెకి సగం కలిపి మీ అవసరంగా రాయండి. గంటకి 40 బిల్లులు పడితే 60 అని. మీ వ్యాపారం పెరిగే వేగాన్ని బట్టి ఇంకొంచెం కలపొచ్చు.

విజయనగరం బట్టల కొట్టు వాళ్ళకి ఇది సిరిమానోత్సవం రూపంలో తెలిసింది. పైడితల్లి అమ్మవారి పండగకి మూడు లాంతర్ల చుట్టుపక్కల జనం కిక్కిరిసి ఉంటారు. అంతమంది ఫోన్లు ఒకే చోట ఉంటే మొబైల్ నెట్ నత్తనడక నడుస్తుంది. కొట్టు బిల్లింగ్ అంతా ఫోను హాట్‌స్పాట్ మీద. ఏడాది మొత్తంలో కొట్టుకి నెట్ కావాల్సిన రోజూ అదే, నెట్ అందని రోజూ అదే. వాళ్ళ కాగితంలో "వైరు ద్వారా వచ్చే నెట్ ఒకటి, అది పోయినా బిల్లు పడే ఏర్పాటు ఒకటి" అని చేర్చాం.

నాలుగో పని: ఆగిపోయిన రోజు గురించి రాయండి

దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. మిగతావన్నీ కలిపి ఒక రోజు తీసుకుంటే దీనికే ఒక రోజు ఇవ్వండి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి, ఫోన్లు మూగబోయాయి. అంతకుముందు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాయి. ఈ మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇప్పుడు మీ క్యాలెండర్‌లో అక్టోబర్ గడి చూడండి. మాకు అమ్మకాలు ఎక్కువుండే నెల, తుఫాను వచ్చే నెల ఒకటే. మన జిల్లాల్లో సిస్టమ్ పెట్టేవాళ్ళు "ఎప్పుడో ఒకసారి కరెంటు పోవచ్చు" అని రాస్తే సరిపోదు.

ప్రతి పనికీ రెండు ప్రశ్నలు వేయండి. ఒకటి, ఇది లేకుండా ఎంతసేపు ఆగగలం? రెండు, ఎంతసేపటి లెక్క పోయినా తట్టుకోగలం? సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో మొదటిది ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్), రెండోది ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్). "సిస్టమ్ మొత్తానికి" అని ఒకే జవాబు రాయకండి, పనిపనికీ జవాబు మారుతుంది.

గేటు దగ్గర తూకం అసలు ఆగకూడదు, లారీ నిలబడి ఉంటుంది. కాబట్టి దానికి కాగితం దారి ఉండాలి: ముందే వరస నంబర్లు అచ్చేసిన చీటీల పుస్తకం గేటు దగ్గర ఎప్పుడూ ఉండాలి. సిస్టమ్ లేచాక ఆ చీటీలు అసలు తేదీతోనే ఎక్కించే వీలుండాలి, "చీటీ నుంచి తర్వాత ఎక్కించినది" అని గుర్తు పడాలి. ఆడవాళ్ళ తూకాలు ఒక్కటి కూడా పోకూడదు. అంటే అక్కడ ఆర్‌పీఓ సున్నా: అంకె నొక్కగానే ఆ మిషన్‌లోనే దాచుకోవాలి, నెట్ వచ్చాక పైకి పంపాలి. కూలీ లెక్క శుక్రవారం దాకా ఆగొచ్చు, శనివారం మధ్యాహ్నం దాటితే ఆగకూడదు. ఓనర్ గారు చూసే రిపోర్టు మూడు రోజులు లేకపోయినా కొంప మునగదు. ఇలా విడదీస్తే ఖర్చు కూడా తగ్గుతుంది. అన్నీ ఎప్పుడూ నడవాలంటే డబ్బు చాలదు.

లారీ సరుకుతో కదలాలంటే ఇంకో చిక్కు ఉంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలి, అది నెట్ మీద తీస్తారు. ఎస్సెమ్మెస్ ద్వారా తీసే దారి కూడా ఉంది, కానీ దానికి ఫోను నంబరు ముందే నమోదు చేసుకుని ఉండాలి. తుఫాను హెచ్చరిక వచ్చాక చేద్దామనుకుంటే కుదరదు. "మన ఇద్దరి నంబర్లు నమోదై ఉండాలి" అనేది కూడా అవసరాల కాగితంలోకే వస్తుంది. సాఫ్ట్‌వేర్ చేయాల్సినవే కాకుండా మీరు చేసిపెట్టుకోవాల్సినవి కూడా అందులో రాయాలి.

కాపీల సంగతి. లెక్కలకి మూడు కాపీలు, కనీసం రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. వేరే ఊరంటే కాశీబుగ్గలో ఓనర్ గారి ఇల్లు కాదు. ఒకే తుఫాను రెండిటినీ తాకే దూరంలో ఉండకూడదు. తీరానికి దూరంగా ఉండాలి. క్లౌడ్‌లో అయితే అది ఏ ఊళ్ళోని డేటా సెంటరో అడిగి రాయించుకోండి. ఇక కాపీ ఉందని చెబితే నమ్మకండి. మూడు నెలలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లోకి దించి, పోయిన శనివారం బట్వాడా లెక్క అందులో తీసి, కాగితంతో పోల్చి చూడాలి. ఎవరు చూస్తారో పేరు రాయండి. నేను చూసిన ఒకచోట ఏడాదిన్నరగా ప్రతి రాత్రీ "బ్యాకప్ పూర్తయింది" అని మెసేజ్ వచ్చేది. అవసరమై తెరిస్తే ఫైలు ఖాళీ. ఆ సాయంత్రం ఆ గుమాస్తా పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేను.

యూపీఎస్ గురించి కూడా అంకెతో రాయండి. సిస్టమ్‌ని జాగ్రత్తగా ఆపడానికి సరిపోయేంతా, జనరేటర్ స్టార్ట్ అయ్యేదాకానా, రెండు గంటలు నడపడానికా? ఈ మూడిటి ధరల్లో చాలా తేడా ఉంటుంది.

అమ్మేవాళ్ళు "మాది 99 శాతం ఎప్పుడూ నడుస్తుంది సార్" అంటారు. వినడానికి బాగుంటుంది. ఏడాదికి 8,760 గంటలు. అందులో ఒక శాతం అంటే 87 గంటల పైమాటే, మూడున్నర రోజులు దాటుతుంది. ఆ మూడున్నర రోజులూ దీపావళి ముందే వచ్చినా వాళ్ళు మాట తప్పినట్టు కాదు. 99.9 శాతం అంటే ఏడాదికి తొమ్మిది గంటల లోపు. శాతంతో పాటు "ఒక్కసారి ఆగితే ఇన్ని గంటలకి మించకూడదు", "సెప్టెంబర్ 15 నుంచి దీపావళి దాకా మార్పులు, మరమ్మతులు పెట్టుకోకూడదు" అని రెండు లైన్లు చేర్చండి.

ఐదో పని: వాక్యాలు పరీక్షించేలా రాయండి

ఇప్పటికి మీ నోటుబుక్కు నిండి ఉంటుంది. దాన్ని వాక్యాలుగా మార్చాలి. అవసరాలు రాయడానికి ఐఎస్ఓ, ఐఈసీ, ఐఈఈఈ అనే అంతర్జాతీయ సంస్థలు కలిసి పెట్టిన 29148 అనే ప్రమాణం ఉంది, 2018లో కొత్త రూపం వచ్చింది. అది పెద్ద పుస్తకం, మనకి కావాల్సింది అందులో మూడు సంగతులే: ఒక వాక్యంలో ఒకే అవసరం ఉండాలి, దానికి రెండు అర్థాలు రాకూడదు, అది నెరవేరిందో లేదో పరీక్షించి చూడగలగాలి.

"సిస్టమ్ వేగంగా ఉండాలి" అని రాస్తే ఎవరి వేగం? "గేటు దగ్గర ఒక తూకం నమోదు, చీటీ బయటికి రావడంతో సహా, 20 సెకన్లలో అయిపోవాలి" అనండి. "వాడటం సులువుగా ఉండాలి" బదులు "తెలుగు చదవగల కొత్త గుమస్తా గంటసేపు నేర్పించాక, ఎవరినీ అడగకుండా పది తూకాలు తప్పులేకుండా ఎక్కించగలగాలి" అనండి. ఈ రెండో రకం వాక్యాన్ని స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరైనా తేల్చగలరు. మాట మీద మాట రాదు.

రాసేటప్పుడు పరికరం పేరు రాయాలనిపిస్తే ఆగి, దాని వెనకాల ఉన్న అవసరం రాయండి. మేం మొదట రాసిన "హాజరు వేలిముద్రతో పడాలి" అనే లైనులో అవసరమే లేదు, పరికరం మాత్రమే ఉంది. రెండోసారి ఇలా రాశాం: "పని మొదలైన పావుగంటలో ఆ రోజు ఎవరెవరు వచ్చారో తెలియాలి. కోత, పొట్టు, గ్రేడింగ్ మూడు షెడ్ల వాళ్ళకీ ఒకేలా పనిచేయాలి. నూనె, తడి ఉన్న చేతులతో కూడా పడాలి. ఒకరి బదులు ఇంకొకరు వేయలేకుండా ఉండాలి." ఈ నాలుగూ చదివినవాళ్ళెవరూ వేలిముద్ర మిషన్ తీసుకురారు.

ప్రతి వాక్యానికి నంబరు వేయండి. పక్కన అది ఎవరు అడిగారో రాయండి, ఆరు నెలల తర్వాత "ఇదెందుకు రాశాం" అని వెతుక్కోకుండా. "తప్పనిసరి" లేదా "ఉంటే మంచిది" అని గుర్తు పెట్టండి. అన్నీ తప్పనిసరి అని పెడితే గుర్తు పెట్టనట్టే. మా కాగితంలో 64 వాక్యాలుంటే తప్పనిసరివి 27. ఆ అంకెకి రావడానికి రెండు సాయంత్రాలు వాదించుకున్నాం.

ఆరో పని: చట్టం అడిగేవి

ఇది మీ ఆడిటర్‌తో కూర్చుని ఒక గంటలో తేల్చుకోవచ్చు. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. అంటే సిస్టమ్ మారినా పాత లెక్క తెరుచుకోవాలి. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్ళకి 2023 ఆగస్టు 1 నుంచి వ్యాపారులకి వేసే బిల్లుల మీద ఈ-ఇన్‌వాయిస్ (బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించడం) తప్పనిసరి. మీది కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటు జాడ నమోదవ్వాలి, ఆ జాడని ఆపేసే వీలుండకూడదు. పనివాళ్ళ ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కంప్యూటర్‌లో పెడుతున్నారు కాబట్టి, 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టాన్ని కూడా దృష్టిలో పెట్టుకోండి. ఆ నంబర్లు కూలీ వేసే మనిషికి తప్ప తెర మీద ఇంకెవరికీ పూర్తిగా కనబడకూడదని రాయండి.

ఏడో పని: పాత లెక్కలు, బాగుచేసే మనిషి, బయటపడే దారి

పాత రిజిస్టర్లలోవి కొత్త సిస్టమ్‌లోకి ఎన్ని రావాలి? మేం పదేళ్ళవీ అనుకున్నాం, చివరికి రెండేళ్ళవి తెచ్చాం. అంతకంటే ముందు పేర్లు సరిచేయాల్సి వచ్చింది. మన వైపు ఒక్క షెడ్డులోనే అప్పలనరసమ్మలు నలుగురైదుగురు ఉంటారు, పైడమ్మలు ముగ్గురుంటారు. ఇంటిపేరు కూడా కలిసిన సందర్భాలున్నాయి. రిజిస్టర్లో "పొట్టి అప్పలనరసమ్మ", "బ్రాహ్మణతర్లా అప్పలనరసమ్మ" అని మేస్త్రీ గుర్తుకోసం రాసుకున్నాడు. ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు ఒకే మనిషి పేరు మూడు స్పెల్లింగులతో మూడుసార్లు ఎక్కింది. అందుకని ప్రతి మనిషికీ మారని నంబరు ఒకటి, ఫోటో ఒకటి, ఊరు పేరు ఒకటి తప్పనిసరి చేశాం. ఈ పేర్ల పని అమ్మేవాళ్ళకి అప్పగించకండి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చేయండి. మాకు నాలుగు రోజులు పట్టింది.

బాగుచేసే మనిషి విశాఖలో ఉంటే పలాసకి దాదాపు 200 కిలోమీటర్లు. "ఫోను చేస్తే చూస్తాం" అనే మాట సరిపోదు. ఏ గంటల మధ్య ఫోను ఎత్తుతారు, శనివారం ఎత్తుతారా, ఎత్తినవాళ్ళు తెలుగులో మాట్లాడతారా, ఫోనులో తేలకపోతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, అన్నీ అంకెలతో రాయండి. చిన్న చిన్నవి మీరే సరిచేసుకునేలా మీ దగ్గర ఇద్దరికి నేర్పించాలని కూడా. ఒక్కరికి నేర్పిస్తే ఆ మనిషి పెళ్ళికి వెళ్ళిన రోజే ప్రింటర్ ఆగుతుంది.

బయటపడే దారి చాలామంది రాయరు. రేపు ఈ సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటే మన లెక్కలన్నీ మనకి ఎక్సెల్‌లో తెరుచుకునే రూపంలో, అడిగిన 15 రోజుల్లో, అదనపు డబ్బు లేకుండా ఇవ్వాలి. సంతకం పెట్టకముందే ఇది అడగండి, అప్పుడు ఎవరూ కాదనరు.

ఎనిమిదో పని: చదివి వినిపించి, నిజం చోట నడిపి చూడండి

కాగితం పూర్తయ్యాక అందరినీ ఆఫీసుకి పిలవకండి. మీరే షెడ్డుకి వెళ్ళి, ఎవరికి సంబంధించిన వాక్యాలు వాళ్ళకి పైకి చదివి వినిపించండి. తెలుగులోనే రాసి ఉంటే ఇది తేలిక. కోత షెడ్డులో హాజరు వాక్యాలు చదివినప్పుడు ఒక పెద్దావిడ అడిగింది: "కార్డు మెళ్ళో ఏసుకుంటే కోసేటప్పుడు నూనె పడదా బావూ?" ఆ ఒక్క ప్రశ్నతో, కార్డులు షెడ్డు గుమ్మం దగ్గర బోర్డుకి వేలాడాలని, వచ్చినప్పుడు ఎవరి ఫోటో కార్డు వాళ్ళు తీసి మేస్త్రీకి చూపిస్తే ఆయన స్కాన్ చేయాలని తేలింది. ఆఫీసులో ఎంత తల పట్టుకున్నా మాకు తట్టేది కాదు.

అమ్మేవాళ్ళకి ఈ కాగితమే ఇచ్చి, ప్రతి నంబరు పక్కనా "ఇప్పుడే ఉంది", "చేసిస్తాం", "లేదు" అని మూడిట్లో ఒకటి రాయించుకోండి. అన్నిటికీ "ఉంది" అని రాసినవాళ్ళ దగ్గర తప్పనిసరి వాక్యాలన్నీ కళ్ళ ముందు చేసి చూపించమనండి. వాళ్ళ ల్యాప్‌టాప్‌లో, వాళ్ళ లెక్కలతో చూడకండి. మీ కాటా, మీ బస్తాలు, మీ గుమస్తా, మీ నెట్. మధ్యలో ఒకసారి మెయిన్ ఆపేయండి. రౌటర్ వైరు పీకేయండి. కాపీ నుంచి లెక్క తిరిగి తెమ్మనండి.

అన్నీ బాగున్నా పాత చిట్టాలు ఆ రోజే మూసేయకండి. కనీసం రెండు బట్వాడాలు పుస్తకం, కంప్యూటర్ రెండూ నడపండి. పని రెట్టింపవుతుంది, అందరూ విసుక్కుంటారు, మేస్త్రీకి ఆ రెండు వారాలకి కొంచెం అదనంగా ఇవ్వండి. మా దగ్గర మొదటి శనివారం పదకొండు మంది లెక్కల్లో తేడా వచ్చింది. ఏడు మావి, నాలుగు సిస్టమ్‌వి. రెండో శనివారం ఒకటే తేడా, అది కూడా అడ్వాన్సు ఎక్కించడం మర్చిపోవడం వల్ల. మూడో శనివారం మేస్త్రీ జేబులోంచి డైరీ తీసి తెర పక్కన పెట్టి, వేలితో ఒక్కో పేరు దిగుతూ చివరిదాకా పోల్చుకున్నాడు. అమ్మినవాళ్ళకి చివరి వాయిదా చెక్కు ఆ సాయంత్రం రాశాం. మీ ఒప్పందంలో కూడా చివరి వాయిదాకి తేదీ పెట్టకండి, ఇలాంటి శనివారం పెట్టండి.